పసుపు గీత దాటే ముందు

మొదటి రోజు, తెప్పలపేట రేవు

పడవ పుస్తకంలో రోజుకు మూడు ముక్కలు రాస్తే చాలని సలోమి అంటుంది. ఎంతమంది వచ్చారు, ఎంతమందికి స్కాన్ తీశాం, ఎవరిని ఎందుకు వెనక్కి పంపాం. సలోమి యంత్రం నడిపే మనిషి, ఆమెకు లోకమంతా మూడు ముక్కల్లో ఇమిడిపోతుంది. నాకు ఇమడదు. నా పేరు పాపాయమ్మ, ఈ స్కాన్ పడవలో నా ఉద్యోగమే మాట్లాడటం. యంత్రం గది ముందు నేల మీద పసుపు గీత ఒకటి ఉంది. దాన్ని దాటబోయే ప్రతి మనిషినీ ప్రశ్నలతో దులిపి, జల్లెడ పట్టి, అప్పుడు లోపలికి వదలాలి. పదకొండేళ్లుగా దులుపుతున్నాను.

మా పడవలో ఇనుము లేదు. మేకులకు బదులు చెక్క చీలలు, లంగరుకు బదులు బండరాయి, నా రవికకు హుక్కులకు బదులు ముళ్లు. నడిమి గదిలో, ఒంటి లోపలి బొమ్మ తీసే అయస్కాంతం అలాంటిది మరి. మోత ఆగితే యంత్రం నిద్రపోయిందని జనం అనుకుంటారు. అది నిద్రపోదు. పండగ లేదు, సెలవు లేదు, పగలూ రాత్రీ లాగుతూనే ఉంటుంది. ఒకసారి ఒక పెద్దాయన మొలతాడుకు తాళంచెవి ఉందన్న సంగతే మరిచిపోయాడు. గీత దాటగానే అది గాల్లోకి లేచి, ఆయన్ని కూడా రెండడుగులు నడిపించింది. మొలతాడు గట్టిది కాబట్టి సరిపోయింది.

ఈ ఊరికి రావడం మాకు ఇదే మొదలు. ఊరంటే నేల కాదు. గోదావరి సముద్రంలో కలిసేచోట తాళ్లతో కలిపి కట్టిన నాలుగు వందల తెప్పలు. చుట్టూ బురద మెరకలు, అవీ ఒకచోట ఉండవు. ఆకాశంలో దారి చూపే ఉపగ్రహాలు మా అమ్మమ్మ కాలంలోనే పాడైపోయాయి గదా, అందుకని ఇక్కడ పడవలు నడిపే సరంగులు ఎడమ బొటనవేలి చర్మం కింద బియ్యపుగింజంత అయస్కాంతం పెట్టించుకుంటారు. దిక్కుగింజ అంటారు. పొగమంచులో ముందున్న మనిషి కనపడకపోయినా ఉత్తరం ఎటో వేలు చెబుతుందట.

మమ్మల్ని రేవులోకి తెచ్చిన సరంగు కొల్లాటి గంగాభవాని. యాభై దాటిన మనిషి, మాట పొదుపు. మా అయస్కాంతం తన గింజను తికమక పెడుతుందని వంద బారల ముందు చిన్న దోనెలో కూర్చుని దారి చూపింది. ఆ దోనె నడిపింది ఆమె మొగుడు భైరవసామి. ఆమె ఒక్క మాట అంటుంది, ఆయన దాన్ని పది చేసి మా వైపు తిరిగి అరుస్తాడు.

"ఆయ్, ఎడమకండీ! కుడికి ఎల్లకండి, అక్కడ నిరుడు మా బావమరిది దోనె దిగబడిపోయిందండి. దోనె నిండా పనసపళ్లండి. మూడ్రోజులు ఊరందరికీ పనసతొనలే కూడండీ!"

రేవు చేరేసరికి ఆ బావమరిది పెళ్లి ఎలా కుదిరిందో కూడా మాకు తెలిసిపోయింది. భైరవసామి నోట్లో నువ్వుగింజ నానదు. నాకు ఆయన తెగ నచ్చాడు.

రెండో రోజు

వచ్చినవారు ముప్పై ఒక్కరు. స్కాన్ ఇద్దరికే. పడవ ఊగితే బొమ్మ చెడుతుంది, అందుకని పోటుకూ పాటుకూ మధ్య నీళ్లు నిలబడే గంటన్నరలోనే మా పని. కాబట్టి ఎనిమిదో రోజు దాకా పద్నాలుగుమందికి చీటీలు రాసిచ్చాను.

వెనక్కి పంపినవారు: జరీచీర కట్టుకొచ్చిన ఒకావిడ. కొత్త చోటికి వస్తూ మంచి చీర కట్టుకోవద్దా అని నా మీదే కోప్పడింది. జరీలో లోహం వేడెక్కి ఒళ్లు కాలుతుందమ్మా, నూలుచీరలో రా అన్నాను. పళ్లన్నీ సొంతవేనని ఒట్టేసిన తాతగారు ఒకరు. ఆయన నవ్వగానే పైవరస జారింది. ఒంట్లో ఇనుము లేదన్న ఇంకొకాయన పాతికేళ్లు లంగర్లు అరగదీసిన మనిషి. కంట్లో ఇనుప రజను ఉందేమో ముందు చూడాలి, లోపల అది కదిలితే చూపు పోతుంది. "నాకేం నొప్పి లేదండి," అన్నాడు. నొప్పి లేకపోవడం జవాబు కాదని చెప్పి పంపాను.

తరవాత గంగాభవాని వచ్చి కూర్చుంది. పక్కన భైరవసామి.

"గుండెకు బ్యాటరీ ఏమైనా పెట్టారా?"

"లేదు."

"ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా? లోపల క్లిప్పులూ, కడ్డీలూ?"

"లేవు."

"వేల్లో గింజ?"

"అదుంటది."

"తీయించాలమ్మా."

"తియ్యను."

ఇక భైరవసామి అందుకున్నాడు. ఈ ఏడాది మూడుసార్లు ఆమె చుక్కాని దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే నిమిషంపాటు ఎటో పోయిందట. కళ్లు తెరిచే ఉంటాయి, కుడిచెయ్యి కొట్టుకుంటుంది, పిలిస్తే పలకదు. మూడోసారి దోనెలో ఇరవైమంది ఉన్నారు. తలలో గడ్డ ఏదో ఉందని గట్టుమీది డాక్టరు అనుమానం. బొమ్మ చూడందే కత్తి పట్టనన్నాడు. మా పడవ తొమ్మిదో రోజు పున్నమి పోటుకు రేవు దాటి తీరాలి, తప్పితే బురదలో దిగబడుతుంది. మళ్లీ వచ్చేది ఏడాదిన్నరకు. అప్పటిదాకా ఆమె ఆగగలదో లేదో ఎవరికీ తెలియదు.

"గింజ తీత్తే నేను సరంగుని కాదు," అంది గంగాభవాని. "మళ్లీ పెట్టినా వేలికి అలవాటవడానికి మూణ్ణెల్లు."

"సరంగు లేపోతే దోనె ఆగుద్దే గంగా," అన్నాడు భైరవసామి. "నువ్వు లేపోతే నేనెవరితో మాటాడాలి?"

ఆయన అంత చిన్న మాట అనడం అదే మొదలు కాబోలు, ఆమె తల తిప్పి చూసింది. "రేపు తీయిత్తాను," అంది. చివరి చీటీ ఆమెకు రాశాను. ఎనిమిదో రోజు, రెండో మనిషి.

మూడో రోజు

వచ్చినవారు ఇద్దరు. స్కాన్ ఇద్దరికీ. ఒకాయనకు మందు సూది వేసి తీయాల్సి వచ్చింది, మూత్రపిండాలు బాగున్నాయో లేదో అడగకుండా వేయం. అడిగాను, బాగున్నాయి.

గంగాభవాని వేలికి కట్టుతో వచ్చి చూపించింది. గింజ తీయించేసింది. ఎక్కడ దాచారమ్మా అంటే పలకలేదు. రోగులను దోనెలో దింపడానికి వచ్చిన భైరవసామి కూడా పలకలేదు. ఏం బాబూ, మీ బావమరిది కులాసాయేనా అన్నాను. తల ఊపాడు. అంతే. నా మనసు చివుక్కుమంది.

ఐదో రోజు

వచ్చినవారు ఇద్దరు, స్కాన్ ఒకరికే. రెండో ఆమెకు నెల తప్పిందని ప్రశ్నల్లో బయటపడింది. తొలి నెలలు గడిచాక, అవసరమైతేనే తీద్దామని పంపాము. వచ్చేటప్పుడు ఏడుపుముఖం, పోయేటప్పుడు నవ్వుముఖం.

భైరవసామి మౌనం మూడో రోజుకు చేరింది. ఊరంతా దీని గురించే మాట్లాడుకుంటోంది. ఎంతైనా, ఇన్నాళ్లూ వాళ్ల వంతు మాటలు కూడా ఆయనే మాట్లాడాడు. నాకు మాత్రం ఒకటే అర్థమైంది. పెళ్లాం గింజ తీయించింది నేను, అందుకని నా మీద కోపం. ఆ మాట ఆయన ఎదుటే అన్నాను కూడా. ఆయన రెండు చేతులూ అడ్డంగా ఊపి, గుండె మీద చెయ్యి వేసుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. కోపం ఉన్నవాడు దణ్ణం పెడితే ఇంకా భయం నాకు.

మధ్యాహ్నం గంగాభవానికి అలవాటు చేయించాను. పడవ వెనకవైపు వెదురుతో అల్లిన గొట్టం ఒకటి ఉంది, అచ్చం లోపలి యంత్రమంత. అందులో అయస్కాంతం లేదు, భయం మాత్రం అదే. తలకు పంజరంలాంటి తొడుగు పెడతాం, దానికి కళ్లకు ఎదురుగా చిన్న అద్దం. పడుకున్న మనిషికి కాళ్లవైపు నిలబడ్డవాళ్లు అందులో కనపడతారు. చేతికి రబ్బరు బుడ్డి ఇస్తాం, తట్టుకోలేకపోతే నొక్కితే చాలు, ఆపేస్తాం. చెవుల్లో దూది, ఎందుకంటే యంత్రం డప్పులా మోగుతుంది. ఎక్స్‌రే కిరణాలు లేవు, నొప్పి లేదు. కదలకుండా అరగంట పడుకోవడమే కష్టం.

తుఫానులో దోనె నడిపిన మనిషి ఇరవై లెక్కపెట్టేలోగా బయటికి వచ్చేసింది. ఒళ్లంతా చెమట.

"ఆయన మాటాడతా ఉంటే పడుకోగలను," అంది. "ముప్పై ఏళ్లు ఆ గోల వింటా బతికాను. గోల లేపోతే ఊపిరాడట్లేదు."

"మాట్లాడమని చెప్పమ్మా మరి!"

"మాటాడకూడదు." ఎందుకమ్మా అంటే చెమట తుడుచుకుని మాట మార్చింది.

తోడుగా ఆయన లోపల నిలబడి కాలు పట్టుకుంటే పడుకుంటానంది. సరేనన్నాను.

ఎనిమిదో రోజు

వచ్చినవారు ఇద్దరు. స్కాన్ ఇద్దరికీ. మూడు ముక్కలూ అయ్యాయి. ఇప్పుడు జరిగింది రాస్తాను. ఇందులో తప్పు నాది, అదీ రాస్తాను.

మొదటి రోగి దిగేసరికి నీళ్లు నిలబడే సమయంలో ముప్పావుగంట మిగిలింది. తోడు వెళ్లేవాళ్లను కూడా అవే ప్రశ్నలు అడగాలి. రోగి ఎవరో తోడెవరో అయస్కాంతానికి తెలియదు. భైరవసామిని అన్నీ అడిగాను. అన్నిటికీ తల అడ్డంగా ఊపాడు. ఆఖర్న, గీత దగ్గర ప్రతి మనిషీ తన పేరు తన నోటితో చెప్పాలి. అది పడవ నియమం. స్పృహ సరిగా లేనివాళ్లూ, నాలుకకు పుడక ఉన్నవాళ్లూ అక్కడే దొరికిపోతారు.

ఆయన నోరు విప్పలేదు.

"మొక్కు ఉందండి," అంది గంగాభవాని చక్రాల బల్ల మీద పడుకుని. "మాటాడకూడదు."

ఆయనకు నా మీద కోపమని అప్పటికి ఐదు రోజులుగా కుమిలిపోతున్నాను. ఇప్పుడు పేరు కోసం పట్టుబడితే ఇంకా చెడ్డదాన్నవుతాను. పదకొండేళ్లలో మొదటిసారి ఒక ప్రశ్న వదిలేశాను. పేరు నేనే రాసుకుని, పదండి అన్నాను.

గీతకు రెండడుగుల దూరంలో ఆయన మీసం కదిలింది. గాలి లేదు. మీసం చాటున నోటి మూలనుంచి చెవి వెనక్కి తెల్లనూలు పోగు ఒకటి పోతోంది. మూడో రోజునుంచీ చూస్తున్నాను, తాయెత్తు అనుకున్నాను. ఆ పోగు తీగలా బిగుసుకుంది. ఎడమ చెంప లోపలినుంచి ఎవరో వేలు పెట్టి పొడిచినట్టు గది వైపు ఉబ్బింది.

చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం దభీమని చాప మీద పడ్డాం.

"నోరు తెరవండి!"

ఆయన పెళ్లాం వైపు చూశాడు. ఆమె కళ్లు మూసుకుని, "తెరువు," అంది. నాలుక కింద, నూలుపోగుకు కట్టి, గంగాభవాని దిక్కుగింజ.

అప్పుడు చెప్పింది ఆమె. ఒంట్లోంచి తీసిన గింజను గిన్నెలో పెట్టరు. గింజ మీద పెంచిన పొర ఒంటి తడి లేకపోతే ఎండి ఊడిపోతుంది, ఇక వేలు దాన్ని రానివ్వదు. అందుకని మళ్లీ పెట్టేదాకా ఇంటి మనిషి ఎవరో నోట్లో ఉంచుకోవాలి. తను ఉంచుకుంటే ఆ మైకం వచ్చినప్పుడు మింగేస్తుందని భయం. ఎవరి నోట్లో ఉందో బయటివాళ్లకు చెబితే గింజ ఉత్తరం మరిచిపోతుందని వీళ్ల నమ్మకం. ఒంట్లో ఏమైనా ఉందా అని నేను అడిగితే ఆయన లేదనే అన్నాడు. ఆయన లెక్కలో అది ఆయన ఒంట్లోది కాదు, ఆమెది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆరు రోజులు దాన్ని నానబెట్టాడు. గంజి తాగి బతికాడు.

ఇంకో రెండడుగులు వేసి ఉంటే అది ఆయన చెంప చీల్చుకుని, ఆమె తలమీదుగా గొట్టంలోకి దూసుకుపోయేది. ఒక్క ప్రశ్న మొహమాటానికి వదిలేసినందుకు.

"ముప్పై ఎనిమిది నిమిషాలు," అంది సలోమి గుమ్మంలోంచి. "ఆయన బయట, ఆమె లోపల."

"ఆయన లేకుండా నేను పోను," అంది గంగాభవాని. బల్ల మీదనుంచి లేచి కూర్చుంది.

"అయితే ఆ గింజ నీళ్ల గిన్నెలో పడేసి ఆయన్ని రమ్మనండి."

"గింజ చచ్చిపోతే నేను గట్టుమీద ఏం చేసుకు బతకాలి?"

వాళ్ల ఇంటికి పోయి ఇంకొకరిని తేవాలంటే దోనెలో గంట. నీళ్లు కదలడానికి ముప్పై ఆరు నిమిషాలు. నేను ఆలోచించలేదు, ఆలోచిస్తే అనేదాన్ని కాదు.

"నాకివ్వండి."

"ఇంటి మనిషే పెట్టుకోవాలి," అంది ఆమె, నేను నొచ్చుకోకుండా మెల్లగా.

భైరవసామి పోగు పట్టుకుని గింజను బయటికి తీశాడు. ఆరు రోజుల తరవాత గొంతు బొంగురుపోయింది.

"అక్కా," అన్నాడు నన్ను. "నోరు తెరువక్కా."

కాచిన నీళ్లలో కడిగి నా నాలుక కింద పెట్టి, పోగు నా చెవికి చుట్టాడు. నేను ఆయన్ని నిలబెట్టి, వేలితో చూపిస్తూ ఆ ప్రశ్నలన్నీ మళ్లీ ముందునుంచి చదివించాను. ఈసారి నోటితో జవాబు చెప్పాడు. పేరు కొల్లాటి భైరవసామి అనీ, తండ్రి పేరు ఫలానా అనీ, ఆ పేరు ఎందుకు పెట్టారో కూడా చెప్పబోయాడు. సలోమి లోపలికి లాక్కుపోయింది.

నేను ఆయన దోనెలో ఎక్కి, వంద బారల తాడు వదిలి, నీళ్ల మధ్య కూర్చున్నాను. నోరు మూసుకుని. పడవలోంచి డప్పుల మోత మొదలైంది. ఆగింది, మొదలైంది. ఆమె బుడ్డి నొక్కిందేమోనని ఆగినప్పుడల్లా ప్రాణం పోయేది. అడగడానికి లేదు, అరవడానికి లేదు. మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో ఆ అరగంటలో తెలిసింది. ఆ మనిషి మీద గౌరవం పెరిగింది.

నీళ్లు కదిలే వేళకు తలుపు తెరుచుకుంది. గంగాభవాని తన కాళ్ల మీద తను నడిచి వచ్చింది.

"ఏం మాటాడాడో తెలీదు," అంది నాతో. "చెవుల్లో దూది, పైన ఆ మోత. ఒక్క ముక్క ఇనపళ్లేదు. కానీ అద్దంలో ఆ నోరు కదుల్తానే ఉంది. చాలు."

"మా బావమరిది రెండో కూతురి సంబంధం గురించి చెప్పానక్కా," అన్నాడు భైరవసామి.

తొమ్మిదో రోజు, రేవు దాటాక

వచ్చినవారు లేరు.

బొమ్మలు సలోమి నిన్ననే రేడియోలో గట్టుకు పంపింది. పొద్దున్నే డాక్టరు జవాబు వచ్చింది. చింతగింజంత గడ్డ. మెదడులో కాదు, మెదడు మీది పొరకు అంటుకుని ఉంది. తీసేయొచ్చు, తొందరగా తీసుకురండి అన్నాడు. భైరవసామి ఏడ్చాడు, నవ్వాడు. గంగాభవాని మాత్రం, "ఎప్పుడు బయల్దేరదాం?" అంది. అందుకని ఇద్దరూ మాతోనే వస్తున్నారు.

ప్రశ్నల పట్టికలో రెండు చేర్చాను. నోట్లో ఏముంది? ఇంకెవరిదైనా మీ దగ్గర దాచారా? పేరు నోటితో చెప్పాలన్న నియమం కింద ఎర్రగీత గీశాను.

ఆపరేషన్ అయ్యాక మూడు నెలలకు ఇంకో స్కాన్ తీయాలట, అందాకా ఇద్దరూ మా పడవ వెంటే ఉంటారు. అప్పటిదాకా గింజ ఆమె వేల్లోకి పోకూడదు. మూడు నెలలు ఆ మనిషి నోరు మూసుకుంటే ఆమెకు ఊపిరాడదు. కాబట్టి రోజు విడిచి రోజు అనుకున్నాం, ఒకరోజు ఆయన, ఒకరోజు నేను. నా వంతు వచ్చిన రోజు నాకు పడవలో చోటు లేదు, ముందు దోనెలోనే మకాం. ప్రశ్నలు సలోమి అడుగుతుంది. పాపం, ఇక రోగులతో మాట్లాడక తప్పదామెకు.

రేవు దాటేటప్పుడు పొగమంచు. దోనెలో ముగ్గురం. భైరవసామి తెడ్డు వేస్తూ కబుర్లు చెబుతున్నాడు. గంగాభవాని మధ్యలో కూర్చుని నీళ్ల వాలు చూస్తోంది. మొదటి గంట నాకేమీ తెలియలేదు. తరవాత నాలుక కింద సన్నగా, చీమ నడిచినంత, ఏదో ఒక పక్కకు లాగింది.

"వదినా, ఉత్తరం ఎటు?" అంది గంగాభవాని.

చెయ్యి చాచి చూపించాను. ఆమె నీళ్ల వైపు చూసింది, నా చెయ్యి పట్టుకుని ఓ జానెడు కుడికి జరిపింది.

"కొత్త కదా," అంది. "వచ్చేత్తది."

మధ్యాహ్నానికి గట్టు కనపడింది. సలోమి పడవ మీదనుంచి కేకేసి, పుస్తకంలో ఏమిటి అంతసేపు రాస్తున్నారు, మూడు ముక్కలు చాలు గదా అంది. జవాబు చెప్పడానికి నా నోరు ఖాళీగా లేదు.